రెండు నూనెల మధ్య అనంతపురం

ఎక్కడో సముద్రాల కవతల యుద్ధం జరుగుతుంది, మన ఊళ్లో నూనె ధర పెరుగుతుంది. దీన్ని కూడా కరువులాగే దైవికమని సరిపెట్టుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. వాన కురవకపోవడం మనిషి చేతిలో లేకపోవచ్చు. కాని ధరను నిర్ణయించేది మనుషులు. ఏ మనుషులు, ఎవరి లాభంకోసం నిర్ణయించారన్నది చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు అనంతపురం పీఠభూమి చరిత్ర మంచి సమాధానం చెబుతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ నేల ఒక నూనెను పండించి అమ్ముకుంటుంది, మరొక నూనెను కొనుక్కుంటుంది. రెంటి ధరా దాని చేతిలో లేదు.

బ్రిటిషు పాలనలో మద్రాసు రాజధాని వేరుశనగ ఓడలెక్కి ఫ్రాన్సులోని మార్సేల్సు నూనె మిల్లులకు పోయేది. ఎదురుగా కిరసనాయిలు వచ్చేది. ఈ ప్రాంతం దాన్ని సీమనూనె అన్నది. దాని పరాయితనం ఆ పేరులోనే ఉంది. బర్మాలోని యెనాంజాంగ్ బావుల్లో తోడి, రంగూను పక్కన సిరియంలో శుద్ధిచేసిన చమురు మనకు ముఖ్యమైన ఆధారం. 1928లో బర్మా ఆయిల్, షెల్ కంపెనీలు చేతులు కలిపి బర్మాషెల్ పేరిట ఈ దేశపు వ్యాపారాన్ని నడిపాయి. ఆముదపు ప్రమిద మూలపడింది.

రెండవ ప్రపంచయుద్ధం ఈ రెండు దారులనూ తెంపింది. 1940 జూన్‌లో ఫ్రాన్సు లొంగిపోవడంతో యూరపులో వేరుశనగకు గిరాకీ పోయింది. 1941లో పెట్రోలుకు రేషను పెట్టారు. బస్సులు బొగ్గుతో నడిచాయి. 1942 మార్చిలో రంగూను జపాను వశమైంది. వెనుదిరిగిన బ్రిటిషువారు సిరియం కర్మాగారాన్నీ, ఏప్రిల్లో యెనాంజాంగ్ బావులనూ తామే ధ్వంసం చేశారు. సీమనూనె రేషనులోకీ, నల్లబజారులోకీ పోయింది. పంట కొనేవాడు లేడు, దీపానికి చమురు లేదు. యుద్ధంతో ఏ సంబంధమూ లేని రైతు అటూ ఇటూ కూడా నష్టపోయాడు.

స్వాతంత్ర్యం వచ్చినా కంపెనీలు కదలలేదు. 1960లో సోవియట్ యూనియన్ తక్కువ ధరకు ముడిచమురు ఇస్తానంటే, దాన్ని శుద్ధిచేయడానికి బర్మాషెల్, స్టాన్‌వాక్ (తర్వాతి ఎస్సో), కాల్టెక్సులు నిరాకరించాయి. మన గడ్డమీది కర్మాగారంలో మనం కొన్న చమురు శుద్ధిచేసుకునే హక్కు మనకు లేదన్నమాట! 1973 అరబ్బు-ఇజ్రాయెలు యుద్ధంతో ముడిచమురు ధర కొద్ది నెలల్లోనే నాలుగింతలైంది. ఆ దెబ్బ తగిలాక, 1974-76 మధ్య ఈ మూడు కంపెనీలూ ప్రభుత్వపరమయ్యాయి.

1990 ఆగస్టులో ఇరాకు కువాయిత్‌ను ఆక్రమించింది. అప్పటికి రాయలసీమ తన చెమటను కూడా ఎగుమతి చేస్తున్నది. కడప జిల్లానుంచీ, కదిరి వైపునుంచీ కువాయిత్‌కు పోయినవారున్నారు. సుమారు 1,70,000 మంది భారతీయులను వెనక్కి తీసుకురావలసి వచ్చింది. ఇంటికి రావలసిన డబ్బు ఆగిపోయింది. చమురు ధర పెరిగింది. వేరుశనగ స్థానంలో కూలీ వచ్చాడు, లెక్క మాత్రం 1942 నాటిదే.

2014 అక్టోబరులో డీజిలు ధరను మార్కెట్టుకు వదిలారు. ప్రపంచ ధర పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుందన్నారు. 2020 ఏప్రిల్లో ముడిచమురు పీపా 20 డాలర్ల దరిదాపుకు దిగింది. అప్పుడేమైంది? ఆ మార్చి, మే నెలల్లో కేంద్రం డీజిలుమీద లీటరుకు మొత్తం 16 రూపాయల సుంకం పెంచింది. తగ్గిన ధర రైతు దగ్గరకు రాకముందే ఖజానాకు చేరింది. 2021 నవంబరులో 10, 2022 మేలో 6 రూపాయలు తగ్గించిన మాట నిజమే. కాని అప్పటికి ఉక్రెయిన్ యుద్ధం వచ్చి ముడిచమురు 120 డాలర్లు దాటింది.

అదే యుద్ధం వంటనూనెల ధరనూ పెంచింది. ఇక్కడ ప్రభుత్వం వెంటనే స్పందించింది: 2022 మేలో సోయా, సూర్యకాంతి ముడినూనెలు ఏటా చెరి 20 లక్షల టన్నులు రెండేళ్లపాటు సుంకం లేకుండా దిగుమతికి అనుమతించింది. కూలివాడికి వంటనూనె చవకగా దొరకాలనడంలో తప్పులేదు. కాని అమ్మే నూనె ధర పెరిగినపుడు దానికి కళ్లెం వేసి, కొనే నూనె ధర పడిపోయినపుడు పన్ను వేస్తే, వేరుశనగ రైతు ఏ వైపున బతకాలి?

కరువుల్లో పశువులను అమ్ముకున్న పల్లెల్లో నేడు దుక్కి ట్రాక్టరుది, బోరు తవ్వే యంత్రం డీజిలుది. అందువల్ల డీజిలు ధర ఇక్కడ లారీ యజమాని సమస్య మాత్రమే కాదు; సేద్యపు ఖర్చు, నీటి ఖర్చు కూడా అదే.

యుద్ధాలను మనం ఆపలేకపోవచ్చు. వాటి భారం ఎవరి నెత్తిన పడుతుందో నిర్ణయించేది మాత్రం దేశంలోని విధానాలే. ఉపాధ్యాయులూ విద్యార్థులూ తమ ఊళ్లలో ఏటేటి వేరుశనగ ధరనూ, ట్రాక్టరు బాడుగనూ పక్కపక్కన రాసి చూడాలి. ఆ రెండు వరుసల మధ్య తేడా ఎవరి చేతికి పోయిందో తేల్చి, రైతు సంఘం ముందు పెట్టాలి. దైవికమనుకున్నదానికి అప్పుడు జవాబుదారులు కనిపిస్తారు.