సౌర తుఫానుల జాడలో: కొలాబా నుంచి ఆదిత్య దాకా

1859 సెప్టెంబర్ 1 ఉదయం ఇంగ్లండ్‌లోని రెడ్‌హిల్‌లో ఖగోళ శాస్త్రవేత్త రిచర్డ్ కారింగ్టన్ తెరపై పడిన సూర్యబింబం చూస్తూ మచ్చల బొమ్మ గీసుకుంటున్నాడు. ఓ పెద్ద మచ్చల గుంపు మీద తెల్లని వెలుగులు రెండు భగ్గుమని, ఐదు నిమిషాల్లో మాయమయ్యాయి. మనిషి చూసి రాసిపెట్టిన తొలి సౌరజ్వాల అది. పద్దెనిమిది గంటలు గడవకముందే భూమి అయస్కాంత క్షేత్రం అల్లకల్లోలమైంది. టెలిగ్రాఫ్ లైన్లు దెబ్బతిన్నాయి. ధ్రువకాంతులు క్యూబా దాకా కనిపించాయి.

ఆ తుఫాను తీవ్రతకు అంకె మాత్రం బొంబాయి నుంచే దొరికింది. కొలాబా పరిశీలనశాల సిబ్బంది వేలాడదీసిన అయస్కాంతం కదలికను కంటితో చూసి పుస్తకంలో ఎక్కించేవారు. మామూలుగా గంటకోసారి. సెప్టెంబర్ 2న అది అడ్డూఅదుపూ లేకుండా కదలడంతో పదిహేను నిమిషాలకు, ఒక దశలో ఐదు నిమిషాలకే కొలత తీశారు. క్షేత్రం సుమారు 1600 నానోటెస్లాలు పడిపోయిందని 2003లో శాస్త్రవేత్తలు ఆ పాత పుటల నుంచే తేల్చారు. కారింగ్టన్ పేరు పాఠ్యపుస్తకాలకెక్కింది. ఆ సిబ్బందికీ అంత గౌరవం దక్కాలంటాను. తర్వాత బొంబాయి ట్రాములను కరెంటుతో నడపాలని తలపెట్టినప్పుడు కొలతలు చెడకుండా 1904లో అలీబాగ్‌లో కొత్త పరిశీలనశాల పెట్టారు.

సూర్యుడి మచ్చల్లో బలమైన అయస్కాంత క్షేత్రాలున్నాయని అమెరికా ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ హేల్ 1908లో నిరూపించాడు. అయినా ముందస్తు హెచ్చరికల అవసరం గట్టిగా తెలిసివచ్చింది సౌర విస్ఫోటాలకు దెబ్బతినే షార్ట్‌వేవ్ రేడియో వచ్చాకే. 1967 మేలో సౌర విస్ఫోటం అమెరికా క్షిపణి హెచ్చరిక రాడార్లను స్తంభింపజేస్తే, సోవియట్ల పనేమోనన్న అనుమానం పుట్టింది. సూర్యుణ్ని గమనిస్తున్న సైనిక నిపుణులు అసలు కారణం చెప్పబట్టి ముప్పు తప్పింది. 1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్ గ్రిడ్ నిమిషంన్నరలో కుప్పకూలింది. అరవై లక్షల మంది తొమ్మిది గంటలు చీకట్లో ఉన్నారు.

అయితే ముందే హెచ్చరించడం తేలిక కాదు. సౌరజ్వాల వెలుగు ఎనిమిది నిమిషాల్లో మనకు చేరుతుంది. వెనకాల వచ్చే ప్లాస్మా మేఘానికి ఒకటి నుంచి మూడు రోజులు, ఒక్కోసారి ఇంకా తక్కువ పడుతుంది. చిక్కంతా ఆ మేఘంలోని అయస్కాంత క్షేత్రం దిశతోనే. అది దక్షిణంగా తిరిగి ఉంటే భూ క్షేత్రంతో కలిసి తుఫాను రేపుతుంది. ఉత్తరంగా ఉంటే ప్రభావం చాలా తగ్గుతుంది. ఆ దిశ కచ్చితంగా తెలిసేది మేఘం భూమి నుంచి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఎల్‌1 బిందువు దాటేటప్పుడే. అప్పటికి మిగిలే వ్యవధి పావుగంట నుంచి గంట. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబర్ 2న బయల్దేరిన భారత వ్యోమనౌక ఆదిత్య ఎల్‌1 ఇప్పుడు అక్కడే కాపు కాస్తోంది.

2024 మే తుఫానుకు అమెరికా అంతరిక్ష వాతావరణ కేంద్రం నాలుగో స్థాయి హెచ్చరిక ఇచ్చింది. వచ్చింది ఐదో స్థాయి. లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశం ఎర్రబారింది. అంచనాలు ఇలా తప్పొచ్చు కాబట్టి ఉపగ్రహాలెన్ని ఉన్నా అలీబాగ్, హైదరాబాద్ వంటి నేల మీది అయస్కాంత పరిశీలనశాలల కొలతలు ఒక్కరోజూ ఆగకూడదు. వాటికయ్యే ఖర్చుకు ప్రభుత్వాలు వెనకాడకూడదు.