మంచె మీద కావలి

మన రేగొండ మండలంలోని పాండవుల గుట్టలు ఎక్కితే రాతి మీద పాతకాలపు రంగు బొమ్మలు కనబడతాయి. 1990లో వెలుగులోకి వచ్చిన ఈ చిత్రాల్లో అడవిదున్న, జింక, పులి ఉన్నాయి. విల్లు, బాణం కూడా ఉన్నాయి. అంటే వేట సంగతి రాతికెక్కింది. చేను కావలి సంగతి మాత్రం పెద్దల మాటల్లోనే మిగిలింది. అది మన పిల్లలకు చేరాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

అడవి అంచున విత్తనం పడ్డ రోజు నుంచే కావలి మొదలయ్యేది. పెసర, బొబ్బర మొలకెత్తగానే చెవులపిల్లి వచ్చేది. చేను ఏపుగా పెరిగాక దుప్పుల మంద దిగేది. తెల్లారి మొక్కను చూసి రాత్రి వచ్చింది ఏదో చెప్పేవాళ్లు. చెవులపిల్లి కొరికిన కాడ కత్తితో కోసినట్టు నున్నగా ఉంటుంది. దుప్పికి పైదవడన ముందుపళ్లు ఉండవు. ఆకును పట్టి గుంజుతుంది కాబట్టి అంచు చీలికలు పీలికలవుతుంది. ఏ బడిలోనూ చెప్పని పాఠం ఇది!

చెవులపిల్లి దూరకుండా రేగుకంప, తుమ్మకంప నేలకు ఆనించి దడి కట్టేవాళ్లు. మొదళ్లు చేను వైపు, ముళ్లు అడవి వైపు. దుప్పి దడిని దూకేస్తుంది. దానికి మనిషే కావాలి. అందుకే నాలుగు గుంజల మీద మంచె, కింద నెగడు, చేతిలో వడిసెల, పక్కన డప్పు. ఒక మంచె మీద కేక పడితే పక్క చేని మంచె అందుకునేది. ఒక్కడు కునుకు తీసినా ఇంకొకడు మేలుకొని ఉండేవాడు. పగటి చిలకల కావలి ఆడవాళ్లది, పిల్లలది.

నిజాం కాలంలో అడవికి హద్దులు పడ్డాయి, పోడుకు ఆంక్షలు వచ్చాయి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగింది ఈ అడవి, భూమి హక్కుల కోసమే. 1950ల మొదట్లో మనకు దగ్గరలోని పాకాల, ఏటూరునాగారం అడవులు అభయారణ్యాలయ్యాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో చెవులపిల్లిని కొట్టడం కూడా నేరమైంది. 2006 అటవీ హక్కుల చట్టం సాగుభూమికి హక్కు ఇచ్చింది గానీ, వేట హక్కు ఇందులో లేదని స్పష్టంగా రాసింది. వేట ఆగడాన్ని మేం తప్పు పట్టడం లేదు. కావలి భారం మాత్రం రైతు నెత్తినే మిగిలింది. పంట నష్టానికి అటవీశాఖకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, నిజమే. కానీ దరఖాస్తు రాత్రిపూట చేను కాయదు కదా.

ఈలోగా పిల్లలు చదువులకు, పనులకు పట్నం పోయారు. మంచెలు ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీలోకి కరెంటు తీగ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే, కాటారం మండలం అడవిలో, జంతువుల కోసం పెట్టిన అలాంటి తీగ తగిలి ఒక గ్రేహౌండ్స్ కమాండో చనిపోయాడు. అదే దారిలో మన ఇళ్లవాళ్లు ఇప్పపూవుకు, తునికాకుకు పోతుంటారు.

ఇప్పుడు చేల చుట్టూ పాత చీరలు, చేపల వలలు కడుతున్నారు. కొన్నాళ్లకు జంతువులు వాటికి అలవాటు పడతాయి. అందుకే మక్క కంకి పాలు పోసుకునే రోజుల్లో కొందరు ఇప్పటికీ మంచె వేసి, వంతులు పెట్టుకొని కాస్తున్నారు. ఈసారి పండుగకు ఊరికి వచ్చినప్పుడు ఒక రాత్రి వాళ్ల వంతు మీరు తీసుకోండి. వడిసెల తిప్పడం తాతలను అడిగితే చూపిస్తారు.