బిగుసుకుపోయిన ల్యాప్‌టాప్: లైనక్స్‌లో కారణాన్వేషణ చరిత్ర

యునిక్స్ వంశానికి చెందిన వ్యవస్థల్లో కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోవడం రెండు రీతుల్లో జరుగుతుంది. వ్యవస్థకు కేంద్రమైన కెర్నెల్ తాను సరిదిద్దుకోలేని తప్పును గుర్తించి, కారణం ప్రకటించి పని ఆపేయడం మొదటిది. దీన్ని ప్యానిక్ అంటారు. ఏ సందేశమూ లేకుండా మౌస్ గుర్తు ఉన్నచోటే నిలిచిపోయి, కీబోర్డు ఎంత నొక్కినా పలకకపోవడం రెండోది. వాడుకలో హ్యాంగ్ అవడమంటే ఇదే. డెస్క్‌టాప్‌లూ సర్వర్లూ హ్యాంగ్ అయినప్పుడు సీరియల్ పోర్టుకు తీగ కలిపి, మరో కంప్యూటర్‌లో కెర్నెల్ చివరి సందేశాలు చదివే వీలుండేది. ల్యాప్‌టాప్‌లు పలచబడేకొద్దీ ఆ పోర్టే లేకుండా పోయింది కనుక, వాటి విషయంలో కారణం వెతకడం మరింత కష్టమైంది.

ఈ కష్టాన్ని కొంత తీర్చింది, అప్పటికి దాదాపు నిరుపయోగంగా పడి ఉన్న ఒక కీ. 1984లో ఐబీఎం పీసీ/ఏటీ కీబోర్డుతో వచ్చిన సిస్‌ఆర్‌క్యూ కీకి, పావెల్ మాచెక్ ఆలోచనల ఆధారంగా మార్టిన్ మారెష్ 1997లో లైనక్స్‌లో కొత్త పని కల్పించాడు. ఆల్ట్‌తో పాటు ఆ కీని పట్టుకుని ఆర్, ఈ, ఐ, ఎస్, యు, బి అక్షరాలను వరుసగా, కొద్ది క్షణాల ఎడంతో నొక్కితే, కీబోర్డు గ్రాఫిక్ వ్యవస్థ అధీనంలోంచి బయటపడుతుంది. నడుస్తున్న ప్రోగ్రాములకు ముగింపు సంకేతం వెళుతుంది, వినని వాటిని కెర్నెల్ బలవంతంగా ఆపుతుంది. రాయాల్సిన సమాచారం డిస్కుకు చేరి, డిస్కు చదవడానికి మాత్రమే వీలయ్యే స్థితికి మారి, చివరకు యంత్రం మళ్లీ మొదలవుతుంది. చాలా లైనక్స్ పంపిణీలు భద్రత కోసం వీటిలో కొన్నింటినే అనుమతిస్తాయి. అయినా రోగనిర్ధారణకు ఇంతకన్నా సులువైన పరీక్ష లేదు: ఈ అక్షరాలకు యంత్రం స్పందిస్తే కెర్నెల్ బతికే ఉందని, అనుమానించాల్సింది గ్రాఫిక్స్‌నో మెమరీ కొరతనో అని తేలుతుంది. క్యాప్స్ లాక్ దీపం మిణుకుమిణుకుమంటుంటే మాత్రం, గ్రాఫిక్ తెర వెనుక ప్యానిక్ జరిగిపోయిందని అర్థం.

2011 నాటికి కెర్నెల్ తనపై తానే నిఘా పెట్టుకుంది. ప్రాసెసర్‌లోని ఒక కోర్ దాదాపు 20 సెకన్లు ఇతర పనులకు అవకాశమివ్వకపోతే సాఫ్ట్ లాకప్ అని, దాదాపు 10 సెకన్లు అంతరాయ సంకేతాలను కూడా పట్టించుకోకపోతే హార్డ్ లాకప్ అని లాగ్‌లో నమోదు చేసే ఏర్పాటు స్థిరపడింది.

అయితే ల్యాప్‌టాప్‌ను అత్యధికంగా వేధించిన లోపం ఈ నిఘాకూ చిక్కలేదు. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996లో విడుదల చేసిన ఏసీపీఐ ప్రమాణం, పని లేని ప్రాసెసర్ ఎంత గాఢంగా నిద్రపోవాలో సి-స్టేట్‌లు అనే మెట్లుగా నిర్దేశించింది. మెట్టు దిగేకొద్దీ బ్యాటరీ ఆదా అవుతుంది, మేల్కొనడం క్లిష్టమవుతుంది. 2013లో ఇంటెల్ తెచ్చిన బే ట్రెయిల్ ప్రాసెసర్లతో చౌక ల్యాప్‌టాప్‌లు విరివిగా వచ్చాయి, వాటిలో లైనక్స్ నడిపినవారికి యంత్రం ఏ వేళనైనా, లాగ్‌లో ఒక్క వాక్యమూ మిగల్చకుండా, బిగుసుకుపోయేది. కెర్నెల్ లోపాల పట్టికలో 109051 సంఖ్యతో 2015 చివర నమోదైన ఈ సమస్యపై, వాడుకరులే కెర్నెల్ సంచికలు మార్చి మార్చి, ఎన్ని గంటలకు ఆగిందో రాసుకుంటూ, గాఢనిద్ర మెట్లను నిషేధిస్తే హ్యాంగ్ ఆగుతోందని నిర్ధారించారు. ప్రోగ్రామింగ్‌తో పరిచయం లేనివారు కూడా ఓపికగా చేసిన ఈ పరిశీలన, కెర్నెల్ చరిత్రలో డెవలపర్ల కృషితో సమానంగా గౌరవించదగినది. బూట్ సమయంలో సి-స్టేట్ గరిష్ఠాన్ని 1కి పరిమితం చేసే ఆ ఉపాయం యంత్రాన్ని నిలబెట్టింది గానీ, ప్రాసెసర్‌ను నిద్రపోనివ్వదు కాబట్టి బ్యాటరీ త్వరగా అయిపోయేది. దాన్ని చికిత్స అనడం సరికాదు.

2024లో వచ్చిన లైనక్స్ 6.10తో, ప్యానిక్ సందేశాన్ని గ్రాఫిక్ తెరపైనే చూపే సౌకర్యం కెర్నెల్‌లో చేరింది. సందేశమే లేని హ్యాంగ్‌కు మాత్రం, ఒకసారికి ఒక్క మార్పే చేసి ఫలితం రాసుకునే ఆ పాత పద్ధతే నేటికీ నమ్మదగినది.