హేవలాక్ వంతెన

రాజమహేంద్రవరమునకును కొవ్వూరునకును నడుమ అఖండ గోదావరిపై నిర్మింపబడిన తొలి రైలు వంతెన. బెజవాడనుండి ఉత్తరమునకు సాగిన తూర్పుకోస్తా రైలుమార్గము ఈ మహానది యొద్ద తెగిపోవుటచే, ప్రయాణికులు నీటిపై ఆవలి యొడ్డు చేరి మరల బండి యెక్కవలసి యుండెను. ఆ ప్రయాస తీర్చుటకై 1897 నవంబరు 11న పని ప్రారంభమై, కాశీయొద్ద గంగపై డఫ్రిన్ వంతెనను కట్టిన వాల్టన్ దొర ఆధ్వర్యవమున సాగి, 1900 ఆగస్టు 30న వంతెన రాకపోకలకు తెరువబడెను. మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవలాక్ పేరు దీనికి నిలిచినది. రాతి స్తంభములపై ఇనుప దూలములు పరచిన యీ నిర్మాణమునకు ఒక్కొక్కటి 150 అడుగుల అంకణములు 56 కలవు.

బండి వంతెనపై కెక్కగానే మారిన చక్రముల మ్రోత విని మేల్కొని, కిటికీనుండి చేయి చాచి గోదావరి తల్లికి కాసు సమర్పించి కన్నులకద్దుకొనిన ప్రయాణికులెందరో! పుష్కరములనాడు స్నానఘట్టముల జనసమ్మర్దమునకు వెనుక కనుపించునదియు ఈ దూలముల వరుసయే. కావున ఈ వంతెన రైల్వేవారి ఆస్తియయ్యు ఊరివారి సొత్తుగా భావింపబడెను.

1974లో రైలు, రోడ్డు మార్గములు గల రెండవ వంతెనయు, 1997లో కాంక్రీటు విల్లుల మూడవ వంతెనయు వచ్చినవి. ఆ 1997లోనే పాతది విశ్రాంతి పొందెను. దానిని విప్పి ఇనుమును అమ్మివేయు తలపు పుట్టినపుడు నగరవాసులు వలదని పట్టుబట్టిరి. తొంబదియేడు వత్సరములు బండ్లను మోసిన దూలములను తూకముతో వెలకట్టుట న్యాయము కాదు. నిలుపుకొనుటయనగా ఊరక వదలివేయుటయు కాదు: నది గాలికి పట్టు తుప్పును గీకి, రంగు పూయించుచు, జనుల నడకకు పనికివచ్చునట్లు చేయవలెను.

2025 జూన్ 26న రాజమహేంద్రవరమున శంకుస్థాపన జరిగిన 94.44 కోట్ల రూపాయల అఖండ గోదావరి పథకములో, 2027 పుష్కరములకు ముందు ఈ వంతెనను పర్యాటక స్థలముగా తీర్చుటయు చేర్పబడినది.