ఏడీహెచ్‌డీ: జన్యువులు, మెదడు ఎదుగుదల

కుదురుగా కూర్చోలేకపోవడం, దృష్టి నిలవకపోవడం, ఆలోచించకుండా తొందరపడటం ప్రధాన లక్షణాలుగా ఉన్న నాడీ ఎదుగుదల సమస్య ఏడీహెచ్‌డీ. పెంపకం లోపం వల్ల వచ్చేది కాదు. ‘చిన్నప్పుడు వాళ్ల నాన్నా ఇంతే’ అని ఇంట్లో పెద్దలు అనే మాటలో కొంత శాస్త్రం ఉంది. కవలలపై జరిగిన 37 అధ్యయనాలను కలిపి లెక్కిస్తే దీని వంశపారంపర్యత సుమారు 74 శాతం. ఒక పిల్లవాడి ఇబ్బందిలో ముప్పాతిక వంతు జన్యువులదేనని దీనర్థం కాదు. జనంలో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాలో అంత భాగం జన్యుభేదాలతో ముడిపడి ఉందని. నెలలు నిండకుండా పుట్టడం, తక్కువ బరువుతో పుట్టడం కూడా ముప్పును పెంచుతాయి.

‘ఏడీహెచ్‌డీ జన్యువు’ అంటూ ఒకటి లేదు. డిట్టె డెమోంటిస్ బృందం 2023లో 38,691 మంది బాధితులను, 1,86,843 మంది ఇతరులను పోల్చి, జన్యుపటంలో 27 చోట్లను గుర్తించింది. ఒక్కోదాని ప్రభావం ఆవగింజంత. వీటితో ముడిపడిన జన్యువులు మెదడు రూపుదిద్దుకునే తొలి దశలో చురుగ్గా ఉంటాయి. డోపమిన్‌ను తయారుచేసే నాడీకణాలతోనూ వీటికి సంబంధం కనిపించింది.

ఎదుగుదలలో తేడాను స్పష్టంగా చూపినది ఫిలిప్ షా బృందం 2007లో అమెరికాలో చేసిన స్కానింగ్ అధ్యయనం. మెదడు పైపొరలో సగభాగం గరిష్ఠ మందానికి చేరే వయసు మామూలు పిల్లల్లో ఏడున్నరేళ్లు, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో పదిన్నర. ఎక్కువ ఆలస్యం నిగ్రహాన్ని చూసుకునే ముందుభాగంలోనే. విచిత్రమేమంటే, కదలికలను నడిపే భాగం మాత్రం వీరిలో కాస్త ముందే పరిణతి చెందింది. బండి బయల్దేరింది, బ్రేకు ఇంకా బిగించలేదు.

డెమోంటిస్ బృందం 2023లో వేసిన జన్యు లెక్క యూరోపియన్ మూలాలున్నవారిది. అది అందరికీ అలాగే వర్తిస్తుందని చెప్పలేం. ఉదాహరణకు అండమాన్ దీవులను చూడండి. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో బెంగాలీలు, తమిళులు, తెలుగువారు, రాంచీవాళ్లు, నికోబారీలు పక్కపక్కనే బతుకుతారు. అండమాన్ ఆదివాసులైన ఒంగేలు, గ్రేట్ అండమానీయులు వేల ఏళ్లు మిగతా జనాలకు దూరంగా ఉన్నారని 2005లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు జన్యు ఆధారాలతో చూపారు. ఇన్ని మూలాలున్న దీవుల్లోని బడిపిల్లలకు యూరప్ లెక్కతో జన్యు ముప్పును అంచనా కట్టడం తొందరపాటు.

రక్తపరీక్షతోనో, స్కానింగ్‌తోనో ఏడీహెచ్‌డీని తేల్చే పద్ధతి నేటికీ లేదు. లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలై, కనీసం ఆరు నెలలుగా, ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తున్నాయా అని వైద్యులు అడిగి తెలుసుకుంటారు.