డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నా, లేకున్నా సైట్ తెరుచుకోవాలంటే..

శ్రీకాకుళం జిల్లా అధికారిక సైట్ చిరునామా శ్రీకాకుళం డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. విజయనగరానిదీ అదే పద్ధతి. ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ లేదు. అయినా చాలామంది అలవాటుగా దాన్ని కలిపి కొడతారు. ఇంటర్నెట్ లెక్కలో అవి రెండు వేర్వేరు పేర్లు. ఒకటి తెరుచుకుంటే రెండోదీ తెరుచుకోవాలని లేదు. దరఖాస్తు చివరి రోజున నెట్ సెంటర్‌కు వచ్చిన విద్యార్థి సైట్ పనిచేయట్లేదనుకుని వెళ్లిపోతే నష్టం అతనికే.

నిజానికి ఈ మూడు అక్షరాలు అలవాటే తప్ప నిబంధన కాదు. 1990ల నాటి తొలి వెబ్‌సైట్ ఇన్ఫో డాట్ సెర్న్ డాట్ సీహెచ్‌కూ ఇవి లేవు.

సొంత సైట్ ఉన్న కాలేజీలు, షాపులు, సంఘాలు చూసుకోవాల్సినవి మూడు:

1. డీఎన్ఎస్: అసలు డొమైన్‌కు సర్వర్ ఐపీ అడ్రస్‌తో ‘ఏ’ రికార్డ్ పెట్టాలి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ పేరుకు, అసలు డొమైన్‌ను చూపే సీనేమ్ రికార్డ్ చాలు. అసలు డొమైన్‌కే సీనేమ్ పెట్టడం డీఎన్ఎస్ నిబంధనలకు విరుద్ధం.

2. సర్టిఫికెట్: ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్‌లో రెండు పేర్లూ ఉండాలి. వైల్డ్‌కార్డ్ ఒక్క మెట్టుకే చెల్లుతుంది. ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ పేరిట తీసుకుంటే జిల్లా పేరు వరకే సరిపోతుంది. దాని ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ చేరిస్తే బ్రౌజర్ హెచ్చరిక చూపిస్తుంది.

3. రీడైరెక్ట్: ఒక పేరు ఖాయం చేసుకుని, రెండోదాన్ని 301 రీడైరెక్ట్‌తో దానికి మళ్లించాలి. బ్రౌజర్ ముందు సర్టిఫికెట్‌నే చూస్తుంది కాబట్టి రెండో పని వదిలేసి ఇది చేస్తే లాభం లేదు.

బోర్డు, కరపత్రం అచ్చుకు ఇచ్చేముందు రెండు పేర్లనూ హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్‌లతో మొత్తం నాలుగు రకాలుగా కొట్టి చూడాలి. నాలుగూ ఒకే చిరునామాకు చేరితేనే పని పూర్తయినట్టు.