ఇంటి దగ్గరే క్లచ్‌లో గాలి తీయడం: ముందు చూడాల్సింది బ్రేకు

రాయచూరు జిల్లాలో తుంగభద్ర ఎడమ కాలువ కింద, సింధనూరు, మాన్వి వైపు క్యాంపుల్లో మన తెలుగు కుటుంబాలు ఎక్కువ. కారుకు ఏదైనా వస్తే చాలామంది పట్టణం దాకా వెళ్లాల్సిందే. క్లచ్ పెడల్ మెత్తబడి, గేరు పడని బండిని అంత దూరం నడపడం కష్టం. గాలి తీసే పని ఇంటి దగ్గర చేసుకోగలిగిందే. దాన్ని ఎలా చేయాలో, ఎక్కడ ఆగి మెకానిక్‌ను పిలవాలో ఇక్కడ చెబుతున్నాం.

మీ బండికి ఇది వర్తిస్తుందా?

మారుతి ఆల్టో వంటి చిన్న కార్లలో క్లచ్ కేబుల్‌తో పనిచేస్తుంది. వాటిలో గాలి తీయడం అన్న మాటే లేదు, కేబుల్ సరిచేయడమో మార్చడమో చేయాలి. బొలెరో, ఇన్నోవా వంటి బండ్లలో ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. పెడల్ నొక్కితే మాస్టర్ సిలిండర్ ఆయిల్‌ను నెడుతుంది. గేర్‌బాక్స్ దగ్గరున్న స్లేవ్ సిలిండర్ ఆ ఒత్తిడితో క్లచ్‌ను విడదీస్తుంది. ఆయిల్ నొక్కితే కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది. పైపులో బుడగలుంటే మీ కాలి బలం వాటిని నొక్కడానికే సరిపోతుంది. పెడల్ కిందికి పోతుంది, క్లచ్ పూర్తిగా విడవదు, రివర్సు వేస్తే గరగరమంటుంది.

గాలి ఎలా వచ్చింది?

మూసి ఉన్న పైపులోకి గాలి ఊరికే రాదు. ముందు కారణం వెతకాలి. పెడల్ వెనక, కాళ్ల దగ్గరి మ్యాట్ తడిగా ఉంటే మాస్టర్ సిలిండర్ కారుతోంది. గేర్‌బాక్స్ పక్కన తడి కనిపిస్తే స్లేవ్ సిలిండరో, పైపో కారుతోంది. కారుతున్న దాన్ని బాగుచేయకుండా గాలి తీస్తే కొద్ది రోజులకే మళ్లీ మొదటికొస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. చాలా కార్లలో క్లచ్‌కూ బ్రేకుకూ ఆయిల్ డబ్బా ఒక్కటే. క్లచ్ పైపు ఆ డబ్బాకు కాస్త పైభాగంలో ఉంటుంది. ఆయిల్ తగ్గితే మొదట గాలి పట్టేది క్లచ్‌కే. అంటే క్లచ్ మెత్తబడడం బ్రేకు ఆయిల్ తగ్గిందన్న తొలి హెచ్చరిక కావచ్చు. బ్రేకు ప్యాడ్లు అరిగినా డబ్బాలో మట్టం తగ్గుతుంది. కాబట్టి నాలుగు చక్రాల లోపలి వైపులు తడిగా ఉన్నాయేమో చూడండి, బ్రేకు పెడల్ నొక్కి చూడండి. అది కూడా మెత్తగా ఉంటే బండి కదిలించవద్దు, మెకానిక్‌నే ఇంటికి పిలవండి.

కావలసినవి

* సీలు తీయని బ్రేక్ ఆయిల్. డబ్బా మూత మీద రాసిన రకమే వాడాలి, సాధారణంగా డాట్ 3 లేదా డాట్ 4. సిలికాన్‌తో చేసే డాట్ 5 కలపకూడదు.
* బ్లీడర్ నిప్పిల్‌కు సరిపోయే రింగు పానా
* నిప్పిల్‌కు బిగుతుగా పట్టే సన్నని పారదర్శక పైపు, ఖాళీ సీసా
* సిరంజి, గుడ్డలు, బకెట్ నీళ్లు, చేతి తొడుగులు, కళ్లద్దాలు

ఇంజిన్ ఆయిల్ ఒక్క చుక్క కూడా వేయకూడదు. లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి పాడవుతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. అందుకే ఎప్పుడో తెరిచి పెట్టిన సీసా పనికిరాదు.

పని చేసే పద్ధతి

1. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు పెట్టండి. కిందికి దూరాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, స్టాండ్లు పెట్టాలి.
2. డబ్బా మూత చుట్టూ దుమ్ము తుడిచాకే తెరవండి. నల్లబడిన ఆయిల్‌ను సిరంజితో పైపైన తీసి, కొత్తది నింపండి.
3. నిప్పిల్‌కు పైపు తొడిగి, రెండో కొసను సీసాలో కొద్దిగా పోసిన ఆయిల్‌లో మునిగేలా ఉంచండి.
4. లోపల కూర్చున్నవారు పెడల్ మెల్లగా పూర్తిగా నొక్కి, "పట్టుకున్నా" అని చెప్పాలి. అప్పుడు నిప్పిల్ పావు చుట్టు వదులు చేయండి. ఆయిల్, బుడగలు వచ్చాక బిగించి, "వదులు" అనండి. పెడల్ పైకి రాకపోతే చేత్తో లేపాలి. నిప్పిల్ తెరిచి ఉండగా పెడల్ వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుంది.
5. బుడగలు ఆగే దాకా ఇలాగే చేయండి. నాలుగైదు సార్లకొకసారి డబ్బాలో ఆయిల్ నింపుతూ ఉండండి. అది ఖాళీ అయితే చేసిన పనంతా వృథా. బ్రేకుతో కలిసిన డబ్బా అయితే ప్రమాదం కూడా.

ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేదంటే పెయింటు లేచిపోతుంది.

బండి కదిపే ముందు

నిప్పిల్ బిగించి, మట్టం గీత దాకా నింపి, మూత పెట్టండి. ఇంజిన్ స్టార్ట్ చేసి, ముందు బ్రేకు గట్టిగా నొక్కి చూడండి. తర్వాత క్లచ్ నొక్కి రివర్సు వేయండి, శబ్దం రాకూడదు. వాకిట్లోనే నెమ్మదిగా కదిపి, ఆపి చూశాకే రోడ్డెక్కండి.

కొన్ని కార్లలో స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ లోపలే ఉంటుంది. అది కారితే గేర్‌బాక్స్ దించాల్సిందే, ఇంట్లో అయ్యే పని కాదు. పాత ఆయిల్‌ను కాలువలోనో మడిలోనో పోయకుండా, వాడిన ఆయిల్ సేకరించే గ్యారేజీకి ఇవ్వండి. మర్నాడు పొద్దున డబ్బాలో మట్టం మళ్లీ చూడండి. తగ్గితే ఎక్కడో కారుతున్నట్టే. అప్పుడు మళ్లీ గాలి తీయకుండా మెకానిక్‌కు చూపించండి.